ఒలందా ఓడలో నాకు వచ్చిన వాటా

నర్సీపట్నంలో పుట్టి పెరిగిన దానివి, నీకు ఓడల పిచ్చి ఏమిటే అని మా అక్క ఎప్పుడూ వేళాకోళం చేసేది. కొండగాలి తప్ప ఉప్పుగాలి సోకని ఊరు మాది. హైస్కూల్లో చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరాక ఆ పిచ్చి మరీ ముదిరింది. పాఠ్యపుస్తకంలో డచ్చివాళ్ళ గురించి, అంటే మన తీరంలో ఒలందావాళ్ళు అనేవారి గురించి, ఉన్నదంతా పోగేసినా అరపేజీ రాదు. వచ్చారు, బట్టలు కొన్నారు, భీమునిపట్నంలో కోట కట్టారు, పోయారు. అంతే. పిల్లలు దాన్ని బట్టీపట్టి నాకే అప్పజెప్పేవారు. మన తీరం వెంట అన్నేళ్ళు తిరిగిన ఓడల్లో ఒక్కదాని చెక్కముక్కనైనా కళ్ళారా చూడలేదే అన్న లోటు నాకు ఉండేది. ఎనభైల మొదట్లో, ఒక పెద్ద తుఫాను వచ్చిపోయిన ఏడాది, ఆ లోటు తీర్చే కబురు మా ఇంటి గుమ్మంలోకే వచ్చింది. తెచ్చింది పైడమ్మ.

పైడమ్మది రాంబిల్లి అవతల సముద్రపు ఒడ్డున ఒక చిన్న పల్లె. ఆ పల్లె పేరు ఇక్కడ రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. సంతరోజున ఎండుచేపల గంపతో బస్సెక్కి నర్సీపట్నం వచ్చేది. సంతకి వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి, మా బావగారి కోసం మంచి నెత్తళ్ళు ఏరి పక్కన పెట్టేది. అక్కా బావగార్లతో కలిసి ఉండేదాన్ని నేను. ఆ వేళ గంప దించి, చెంగుతో మొహం తుడుచుకుంటూ అంది: "మొన్న గాలివానకి ఇసకంతా కోసుకుపోనాది టీచరమ్మా. ఒలందోల్ల ఓడ పైకి తేలింది. మా నూకరాజు సూసినాడు." నూకరాజు ఆమె కొడుకు. నేను చేతిలో గ్లాసు పక్కన పెట్టేసి ఆమె ముందు చతికిలబడ్డాను. నా ఉత్సాహం చూడగానే ఆమె మొహం మారిపోయింది. "నానన్నానని ఎవుళికీ సెప్పకండి" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. అందులో దాచడానికి ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ ఆదివారమే బయల్దేరాను. ఒంటరిగా పంపనని అక్క పట్టుబట్టి బావగారిని తోడు ఇచ్చింది. ఆయన తాలూకా ఆఫీసులో గుమస్తా. ఆదివారం కూడా ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతిలో ఆఫీసు సంచి లేకుండా వీధిలోకి అడుగు పెట్టని మనిషి. నర్సీపట్నం నుంచి తెల్లవారుజామున కోటవురట్ల మీదుగా అడ్డరోడ్డుకి బస్సుండేది. అక్కడ హైవే మీద ఇడ్లీ తిని, ఎలమంచిలి వైపు వెళ్ళే బస్సు పట్టుకుని, ఎలమంచిలిలో రాంబిల్లి బస్సు మారాలి. ఇద్దరికీ కలిపి ఐదారు రూపాయల్లో తేలిపోయింది. దారి పొడవునా తుఫాను ఆనవాళ్ళే. జీడితోటలు ఒకే వైపుకి ఒరిగిపోయి ఉన్నాయి, చెరుకు నేలకి అతుక్కుపోయి ఉంది. బావగారు కిటికీలోంచి చూస్తూ ఎకరాల లెక్కలు వేసుకుంటున్నారు. ఆయన ఆఫీసులో ఆ నెలంతా నష్టపరిహారం కాగితాల పనే.

రాంబిల్లిలో జట్కా మాట్లాడుకున్నాం. పల్లె పేరు చెప్పగానే జట్కా అతను బావగారి సంచి వైపు చూశాడు. "ఆఫీసోలా బాబూ?" అని అడిగాడు. కాదు, ఊరికే చూడ్డానికి అన్నాను నేను. సరుగుడు తోపుదాకా తీసుకెళ్ళి బండి ఆపేశాడు. అవతల పల్లె కప్పులు కనిపిస్తూనే ఉన్నాయి. "ఇక్కడినుంచి నడిసెల్లండి. పొద్దు గూకేవేలకి ఇక్కడే ఉంటాను. ఊర్లోకి మాత్తరం రాను" అన్నాడు. ఎందుకని అడిగితే, "సంచి ఉన్నోల్లని దింపితే మల్లీ నన్ను ఈ దారంట తిరగనివ్వరమ్మా" అని గుర్రాన్ని తిప్పేశాడు. నేను బండి పోయిన వైపే చూస్తూ నిలబడ్డాను. బావగారు మాత్రం చొక్కా సర్దుకుని ముందు నడిచారు.

పల్లెలో సగం ఇళ్ళకి కప్పుల్లేవు. ఒడ్డున పడవలు విరిగి, బోర్లపడి, కొన్ని రెండు ముక్కలై ఉన్నాయి. మమ్మల్ని చూసి ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. మేం పలకరించకుండానే నీటి అంచుకి నడిచాం. అక్కడుంది ఓడ. ఆటు మీద సముద్రం వెనక్కి తగ్గి ఉంది. తడి ఇసకలోంచి నల్లటి పక్కదుంగలు రెండు వరసలుగా లేచి నిలబడ్డాయి. వాటికి కొంత ఎడంగా, ఒడ్డు వైపు తిరిగి, ముందుభాగపు దుంగ ఒంపు తిరిగి నిలుచుంది, మనిషి కంటే ఎత్తుగా. ఇసకలో కప్పబడిపోయి ఉండబట్టి కాబోలు కర్ర చెడలేదు. గోటితో గీస్తే గీత పడలేదు. నేను చీర కుచ్చెళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగాను. ఒంపు దుంగ మీద నాచు తుడిస్తే, ఒకదాని పైన ఒకటిగా రోమన్ అంకెలు చెక్కి ఉన్నాయి. ఓడ నీళ్ళలో ఎంత లోతుకి దిగిందో చూసుకోవడానికి ముందుకొయ్య మీద అలా అంకెలు చెక్కేవారు. చదువుకున్నప్పుడు బొమ్మల్లో చూశాను. ఆ అంకెల్లో వేళ్ళు పెట్టినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

తలెత్తేసరికి మా చుట్టూ మనుషులున్నారు. మగవాళ్ళు, కొందరి చేతుల్లో రంపాలు, బాడిసలు. అప్పుడు గమనించాను, కొన్ని పక్కదుంగలు అప్పటికే కోసి ఉన్నాయి. ఒడ్డు మీద పలకలు పోగులుగా పేర్చి ఉన్నాయి. వెనకాల పైడమ్మ తల వంచుకుని నిలబడింది. ముందు నిలబడ్డ ముసలాయన ఊరిపెద్ద మసేను. ఎవరు మీరు అని ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బావగారు తనకి తెలిసింది చెప్పేశారు.

"ఇలాంటివన్నీ గవర్నమెంటు సొత్తు. ఎవరూ కొయ్యకూడదు. కలెక్టరుగారికి రాయాల్సిన విషయం ఇది. నేను తాలూకా ఆఫీసులో పని చేస్తున్నాను, నాకు తెలుసు."

ఆయన బెదిరించాలని అనలేదు. రూలు తెలిస్తే చెప్పకుండా ఉండలేని మనిషి, అంతే. ఇంట్లో కందిపప్పు ఎక్కువ నానబెట్టినా దానికో రూలు చెబుతారు. కానీ ఆ మాటతో అక్కడ గాలి బిగుసుకుపోయింది. ఎవరూ అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. నలుగురు వెళ్ళి మేం వచ్చిన దారికి అడ్డంగా కూర్చున్నారు.

"కూకోండి బాబూ" అన్నాడు మసేను. కూర్చున్నాం. నా కాళ్ళ తడి ఇంకా ఆరలేదు. బావగారి పై పెదవి మీద చెమట పట్టింది.

"ఈ ఓడ సంగతి మీకేటి తెలుసు?" అని నన్నడిగాడాయన. తెలిసింది చెప్పాను. ఒలందావాళ్ళు ఈ తీరంలో నేతబట్టలు కొనేవారని, ఇక్కడ రేవు లేదు గనక ఓడలు దూరంగా లంగరు వేసుకుని ఉండేవని, గాలివానల కాలం రాకముందే వెళ్ళిపోవాల్సి ఉండేదని, వెళ్ళలేకపోయినవి ఇలా మిగిలాయని. మసేను తల ఊపాడు. తరువాత ఆయన చెప్పింది ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

"మా తాతల తాతలనాటి మాట. బట్టల మూటలు మా పడవల్లోనే కెరటాలు దాటించి ఆ ఓడకి ఎక్కించీవోరు. గాలి తిరిగిపోనాది, ఎల్లిపోండి దొరా అని మావోల్లు సెప్పినారు. ఇంకో పడవ మూటలు రావాల, అవొస్తేగానీ కదలమన్నారు. ఆ రాతిరే గాలి లేసింది. తెల్లారేసరికి ఓడ ఇలాగ పడుంది. మావోల్లు నడుముకి తాళ్ళు కట్టుకుని ఎల్లి, బతికినోల్లని ఒడ్డుకి లాక్కొచ్చినారు. గంజి పోసినారు. కొట్టుకొచ్చిన మూటలు ఊరంతా పంచుకున్నారు. పది దినాలు పోనాక సిపాయిలొచ్చినారు. ఓడని మీరే దోసీసినారు అన్నారు. ఓడని సూసిన పెతీ మొగోన్నీ కొట్టినారు. పడవలు తగలెట్టినారు." బావగారి కళ్ళలోకి చూశాడు. "ఆల్లకి సెప్పినోడు ఎవుడో తెలుసా బాబూ? మా ఊరోడే. పంచుకున్నప్పుడు ఆడికి పాలు రాలేదని."

అప్పటినుంచి ఆ ఊరికి ఒక కట్టుబాటు. సముద్రం ఒడ్డుకి ఏం తెచ్చి పడేసినా, చూసినవాళ్ళందరికీ పాలు, అంటే వాటా, ఉండాలి. ఊరివాళ్ళా పైవాళ్ళా అన్న తేడా లేదు. "పాలున్నోడు సెప్పడు" అన్నాడు మసేను. చూసి కూడా వాటా వద్దన్నవాడు చెప్పడానికే వద్దంటున్నాడని లెక్క. అప్పుడు వాడికీ లేదు, వాడిని తెచ్చినవాళ్ళకీ లేదు. మమ్మల్ని తెచ్చింది పైడమ్మ నోరు. మేం కాదంటే ఆమె కొడుక్కి ఒక్క చెక్క కూడా దక్కదు.

నూకరాజు పడవ తుఫానులో పోయింది. కొత్త పడవకి పక్కలు కట్టుకున్నాడు, ఇసకలో నిలబెట్టి ఉంది. ముందు నిలబెట్టే ఒంపు కొయ్య మాత్రం లేదు. అంత ఒంపుతో పుట్టిన మాను ఎక్కడో గానీ దొరకదు, తిన్నని కర్రని వంచితే కెరటం దెబ్బకి చీలుతుంది. కొయ్య దొరక్కపోతే ఆ వేటకాలం అతని ఇంట్లో పొయ్యి వెలగదు. ఇదంతా పైడమ్మ చెప్పలేదు. పక్కనున్న ఒకావిడ నాకు చెబుతుంటే పైడమ్మ ఇసకకేసి చూస్తూ ఉండిపోయింది.

నేను సరేనన్నాను. బావగారు కుదరదన్నారు. గవర్నమెంటు ఉద్యోగి ఇలాంటి దాన్లో చెయ్యి పెట్టకూడదన్నారు. ఇంతలో పాకహోటల్ నడిపే ఎర్రమ్మ అన్నం, చేపల పులుసు తెచ్చి మా ముందు పెట్టింది. "తినండి బాబూ, మాటలెప్పుడూ ఉండీవే" అంది. ఆకలితో కాదుగానీ, వద్దంటే ఏమవుతుందోనన్న భయంతో తిన్నాను. పులుసు చాలా బాగుందని ఇప్పుడు చెప్పగలను, అప్పుడు రుచి తెలియలేదు. బావగారు ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, ఆపేశారు. పైడమ్మ వైపు చూశారు. ఏళ్ళ తరబడి ఆమె ఏరి పెట్టిన నెత్తళ్ళు తిన్న మనిషి.

"ఇది బయటికి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. తెలుసా మీకు?" అని మసేనుని అడిగారు.

"తెలుసు బాబూ. అందుకే మీరూ తీసుకోవాల" అన్నాడు మసేను.

బావగారు ముద్ద నోట్లో పెట్టుకున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఏదైనా గుర్తు ఇమ్మంటే జేబులో పెన్ను తీసి, మూత ఊడదీసి, ఆ మూతని మసేను చేతిలో పెట్టారు. దారికి అడ్డంగా కూర్చున్నవాళ్ళు లేచారు.

మూత ఎందుకంటే, అక్కడ పంపకం అలా జరుగుతుంది. చేపలు పంచుకున్నా అంతే. ప్రతి ఒక్కరూ ఒక గుర్తు ఇవ్వాలి, గవ్వో, పుల్లో, ఏదో ఒకటి. ఏ గుర్తు ఎవరిదో తెలియని మనిషిని పిలిచి ఆ గుర్తుల్ని పోగుల మీద వేయిస్తారు. నేను చీరకి పెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. నూకరాజు వల బెండు ఇచ్చాడు. పాకలో గిన్నెలు తోముకుంటున్న ఎర్రమ్మని పిలిచారు. ఆమె గుర్తుల్ని కొంగులో వేసుకుని, పోగుల మధ్య నడుస్తూ ఒక్కోటి వదిలేసింది. పలకల పోగు మీద ఒకటి, మేకుల పోగు మీద ఒకటి. చివరికి నీళ్ళలోకి దిగి, నిలబడున్న ఒంపు కొయ్య సందులో ఒక గుర్తు గుచ్చి వచ్చింది. ఎండలో తళుక్కున మెరిసింది. నా పిన్నీసు.

బెండు తిన్నని పలకల మీద పడింది. నూకరాజు దాన్ని తీసుకుని, తన పడవ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఒకరి వాటాని ఇంకొకరు అడగకూడదు, అదీ కట్టుబాటే. అతను అడగలేదు. పైడమ్మా అడగలేదు.

బావగారు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి అన్నారు: "వదులుకోకు. మన చట్టం సంగతి తరువాత, వీళ్ళ చట్టం ప్రకారం అది నీదే. లారీ నేను మాట్లాడతాను. ఎక్కడైనా దాచి, నాలుగేళ్ళు పోయాక మ్యూజియానికి ఇద్దువుగాని." ఉదయం కలెక్టరుగారికి రాయాలన్న మనిషే ఆయన. నాకు నవ్వు రావాలి, రాలేదు. ఎందుకంటే నాకు అది కావాలి. ఎంత కావాలంటే, మా స్కూలు వరండాలో దాన్ని ఎక్కడ నిలబెట్టాలో కూడా అప్పటికే అనుకున్నాను. పిల్లలు ఆ అంకెల్లో వేళ్ళు పెట్టి చూడాలి. అరపేజీ పాఠానికి ఒక్క రుజువు. పోటు మొదలై నీళ్ళు పైకి వస్తున్నాయి. చీకటి పడేలోపు కొయ్యని పైకి లాగాలి, లేకపోతే రేపటికి ఇసక కప్పేయవచ్చు. అందరూ తాళ్ళు పట్టుకుని నా మాట కోసమే చూస్తున్నారు.

నేను నూకరాజు పడవ దగ్గరికి వెళ్ళాను. పక్కలు రెండూ ముందుకి వచ్చి, కలవడానికి కొయ్య లేక, నోరు తెరుచుకుని ఉన్నాయి. చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి వచ్చి మసేనుని అడిగాను, నూకరాజుతో వాటా మార్చుకోవచ్చా అని. "మార్సుకోవచ్చు. మల్లీ ఎనక్కి అడక్కూడదు. అలాగ సెయ్యి, ఇలాగ సెయ్యి అనీ అనకూడదు" అన్నాడు. అంటే ఆ అంకెల్ని ఉంచమని కూడా అడగకూడదు. సరేనన్నాను. ఆ మాట అనడానికి నాకు పట్టిన సమయం చూసి బావగారు తల తిప్పుకున్నారు.

ఊరంతా కలిసి కొయ్యని లాగారు. కెరటం రెండుసార్లు మనుషుల్ని పడేసింది. ఒకసారి తాడు జారి కొయ్య నూకరాజు మీదకే ఒరిగింది. పైడమ్మ ఒక్క కేక వేసింది, ఆ రోజంతటికీ అదొక్కటే కేక. పక్కవాళ్ళు భుజాలు వేసి ఆపారు. ఒడ్డుకి చేరాక నూకరాజు అంకెల మీద చెయ్యి పెట్టి నన్నడిగాడు, "ఈ గీతలేటి టీచరమ్మా?" ఎంత బరువు ఎక్కించారో, ఓడ ఎంత లోతుకి దిగిందో చూసుకోవడానికని చెప్పాను. "అయితే ఆల్లకి తెలిసే ఉండాల, నిండిపోనాదని" అన్నాడు. "అయినా ఇంకో పడవ మూటల కోసం ఆగినారు." కాసేపు ఆ అంకెల్ని చూసి, బాడిస తీశాడు. ఒలందా ఓడదని ఎవరికీ తెలియకుండా ఉండాలంటే ఆ గీతలే ముందు పోవాలి. మొదటి దెబ్బకి పై అంకె పెచ్చుగా ఊడి ఇసకలో పడింది. నేను చూడలేక సరుగుడు తోపు వైపు నడిచాను. జట్కా అతను చెప్పిన చోటే ఉన్నాడు. బావగారి భుజం మీద ఆయన వాటాగా వచ్చిన చిన్న పలక, గోనెపట్టాలో చుట్టి ఉంది. బస్సులో కండక్టరు అదేమిటని అడిగితే బట్టలుతికే పలక అన్నారు. ఆ తరువాత మా పెరట్లో అది నిజంగా ఆ పనే చేసింది.

మరుసటి ఏడు వేటకాలంలో మళ్ళీ వెళ్ళాను. ఓడ లేదు, ఒడ్డంతా నున్నటి ఇసక. నూకరాజు పడవ కెరటాల మీదకి వెళ్తుంటే పైడమ్మ పక్కన నిలబడి చూశాను. మొదటి కెరటానికి పడవ ముక్కు ఆకాశానికి లేచింది. పైడమ్మ నా చెయ్యి నలిపేసింది. రెండోది అంతకన్నా పెద్దది, పడవ కనిపించకుండా పోయింది. మళ్ళీ నల్లటి కొయ్యే ముందు కనిపించింది, దాని వెనకాల మనుషులు. ఇప్పుడు మసేను లేడు, పైడమ్మ లేదు, ఆ పడవ కూడా పాతబడి పోయింది. బావగారు ఉద్యోగం విరమించి చాలా ఏళ్ళయింది. అందుకే రాస్తున్నాను. నేను చేసింది మంచిపనే అని చాలామంది అంటారు. నాకూ తెలుసు. అయినా మ్యూజియానికి వెళ్ళి అద్దాల వెనక ఏ ఓడ చెక్కనైనా చూసినప్పుడు గుండెలో కలుక్కుమంటుంది. ఆ చెక్కలన్నీ, నేను వదులుకున్నట్టు ఎవరూ వదులుకోకపోవడం వల్లే అక్కడ ఉన్నాయి. నేను మాత్రం క్లాసులో ఆ అరపేజీ పాఠం చెప్పినన్నాళ్ళూ రుజువు లేకుండానే చెప్పాను.

ఆ వైపు వెళ్ళాలనుకునేవారికి: నర్సీపట్నం నుంచి అడ్డరోడ్డు, ఎలమంచిలి, రాంబిల్లి మీదుగా ఇప్పటికీ అదే దారి. గాలివానలు తగ్గాక, చలి మొదలయ్యాక వెళ్ళండి, తిరుగు బస్సు సంగతి ముందే కనుక్కోండి. ఒలందావాళ్ళ సమాధులు చూడాలంటే మాత్రం భీమిలి వెళ్ళాలి. ఏ ఒడ్డునైనా చేపలు పంచుకుంటూ మిమ్మల్ని గుర్తు అడిగితే సరదాకి ఇవ్వకండి. మీకు వచ్చేదాని కోసం పక్కనే ఒక మనిషి, అడగకుండా, కూర్చుని ఉండవచ్చు.